ఉత్తుత్తి నిశ్చితార్థం నవల 60 పేజీల దగ్గర ఎందుకు ఆగిపోతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. అమ్మాయిది గుంటూరు బ్రాడీపేట, అబ్బాయిది విజయవాడ సత్యనారాయణపురం. ఇంట్లో పెళ్ళి పోరు పడలేక ఇద్దరూ మాట్లాడుకుని ఉత్తుత్తి నిశ్చితార్థం చేసుకుందామనుకుంటారు. 60 పేజీలు చకచకా వచ్చాయి, తరవాత కలం కదలడం లేదు. చదివిన స్నేహితులంతా ఒకటే మాట అంటున్నారు: "ఇంత తంటా ఎందుకు, ఇంట్లో నిజం చెప్పెయ్యొచ్చు కదా?" మధ్యభాగం ఎలా నింపాలి అని మీరు అడిగారు. చివర్లో పేరు గురించి కూడా అడిగారు.

సూటిగా చెబుతాను. లోపం మధ్యలో లేదు, రాసేసిన 60 పేజీల్లోనే ఉంది. పెళ్ళి పోరు అనేది అంత పెద్ద అబద్ధానికి చాలదు. అబద్ధానికి ఒక గడువు ఉండాలి. అది బయటపడితే నష్టపోయే మూడో మనిషి ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ కారణం నవల సగానికి వచ్చేసరికి తీరిపోవాలి. మొదటి రెండూ చాలామంది ఎలాగో పట్టుకుంటారు. మూడోది వదిలేస్తారు. మధ్యలో బండి ఆగేది అక్కడే.

ముందు కారణం సంగతి. మీ కథలో ఎవరైనా ఒక్క ఫోన్ చేసి నిజం చెప్పేస్తే ఏమవుతుందో రాసి చూడండి. "అమ్మ నాలుగు రోజులు అలుగుతుంది" అన్నదే జవాబైతే కారణం బలంగా లేదన్నమాట. ఆ అలక భరించలేక 150 మందికి భోజనాలు పెట్టారంటే పాఠకుడు నమ్మడు. "నానమ్మకి గుండె ఆపరేషన్, ఆవిడ చూసి పోవాలని" అనే కారణం కూడా వద్దంటాను. అది అరిగిపోయింది, ఆ సంగతి అలా ఉంచండి. మంచం మీదున్న మనిషిని మోసం చేస్తుంటే పాఠకుడికి నవ్వు రాదు. ప్రతి హాస్య సన్నివేశం వెనకా ఆ ముసలావిడ మొహమే కనిపిస్తుంటుంది.

మన ఇళ్ళలో సహజంగా దొరికే కారణం ఒకటి చెబుతాను. చెల్లెలికి సంబంధం కుదిరింది, ఆ పెళ్ళికొడుకు ఉద్యోగానికి బయటి దేశం వెళ్ళాలి, ముహూర్తం తొందరగా పెట్టాలి. కాని పెద్దపిల్ల పెళ్ళి కాకుండా చిన్నపిల్లకి చేస్తే నలుగురూ ఏమంటారన్నది అడ్డం. "పెద్దమ్మాయికి తాంబూలాలైనా మార్చుకుంటే మాకు అభ్యంతరం లేదు" అంటారు మగపెళ్ళివారు. చూడండి, ఈ ఒక్క మాటతో గడువూ వచ్చింది, మూడో మనిషీ వచ్చింది. అమ్మాయి తన కోసం కాక చెల్లెలి కోసం అబద్ధం ఆడుతోంది.

అబ్బాయికి వేరే కారణం కావాలి. ఇద్దరికీ ఒకటే పెడితే ఒకరి మీద ఒకరు ఆధారపడాల్సిన అవసరం పోతుంది. మేనరికం తీసుకోండి. మేనమామ కూతురుతో పెళ్ళని చిన్నప్పటి నుంచి అనుకున్నారు. మరదలికి ఇష్టం లేదు, తండ్రి ముందు ఆ మాట అనలేకపోతుంది. "బావా, నువ్వే వేరే ఎవరినైనా చూసుకో, నింద నీ మీదికి పోతుంది, నేను బతికిపోతాను" అని అడుగుతుంది. అతను ఆ నింద నెత్తిన వేసుకుంటాడు. అబద్ధం ఆడేవాళ్ళిద్దరూ వేరొకరి బరువు మోస్తున్నారు కాబట్టి పాఠకుడు వాళ్ళని మొదట్లోనే క్షమించేస్తాడు.

ఇది మన సాహిత్యంలో కొత్తేమీ కాదు. 1897లో అచ్చయి, 1909లో గురజాడ తిరగరాసిన కన్యాశుల్కంలో కరటక శాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి లుబ్ధావధాన్లుకి కట్టబెడతాడు. ఎందుకు? ఆ ముసలాయనకి మేనకోడలు సుబ్బిని ఇవ్వకుండా ఆపడానికి. మోసం పచ్చిగా కనిపిస్తున్నా మనం కరటక శాస్త్రి పక్షానే ఉంటాం. ఆ అబద్ధానికి గురజాడ ఖరీదు కూడా కట్టాడు: పెళ్ళికూతురు మాయమయ్యేసరికి లుబ్ధావధాన్లు మీద ఖూనీ కేసు పడుతుంది. ఈ రెండూ మీకు కావాలి. అబద్ధం పుట్టడానికి పరుల మేలు, పుట్టాక దానికి పడే ఖర్చు.

ఇక గడువు. మన దగ్గర దీనికి అద్భుతమైన గడియారం ఉంది, ఎవరూ సరిగ్గా వాడుకోరు. అదే మూఢం. గురుడో శుక్రుడో సూర్యుడికి దగ్గరై కనిపించకుండా పోయే రోజుల్లో పెళ్ళి ముహూర్తాలు పెట్టరు. శుక్ర మూఢం ఒక్కోసారి కొద్ది రోజుల్లో పోతుంది, ఒక్కోసారి రెండు నెలలు దాటుతుంది. ఆ పొడుగు మూఢాన్ని పట్టుకోండి. మూఢం రాకముందే అక్క తాంబూలాలు, ఆ వెంటనే చెల్లెలి పెళ్ళి. అక్క పెళ్ళి "మూఢం పోయాక, మొదటి ముహూర్తానికే". వాళ్ళిద్దరి పథకం ఏమిటంటే, చెల్లెలి పెళ్ళి అయిపోగానే ఏదో ఒక మాట అనుకుని మెల్లగా విడిపోవడం.

ఇప్పుడు చెల్లెలి పెళ్ళిని సరిగ్గా నవల సగంలో పెట్టండి. పెళ్ళయిపోయింది, అబద్ధం అవసరం తీరిపోయింది. ఆ రాత్రే చెప్పెయ్యొచ్చు. చెప్పరు. "మూడు నిద్రలైనా కాలేదు, ఇప్పుడు చెబితే చెల్లెలి అత్తవారు ఏమనుకుంటారు" అంటుంది ఆమె. "అవును, వారం ఆగుదాం" అంటాడు అతను. వారం అయ్యాక మరో సాకు. ఈ సాకులు ఎంత బలహీనంగా ఉంటే కథ అంత బలంగా ఉంటుంది. మొదటి సగంలో వాళ్ళు ఎందుకు అబద్ధం ఆడుతున్నారో పాఠకుడికి తెలుసు. రెండో సగంలో ఆ కారణం వాళ్ళకే తెలియదు, పాఠకుడికి మాత్రం తెలిసిపోతుంది. మీ మధ్యభాగాన్ని నింపేది అదే.

ఒక జాగ్రత్త. కథ ఏ సంవత్సరంలో జరుగుతుందో ముందే తేల్చుకుని ఆ ఏటి పంచాంగం దగ్గర పెట్టుకోండి. మూఢం ఎప్పుడు మొదలు, ఎప్పుడు పోతుంది, ఆషాఢం, భాద్రపదం, పుష్యం ఎప్పుడొస్తున్నాయి అన్నీ ఒక కాగితం మీద వేసుకోండి. ఆషాఢంలో పెళ్ళి రాస్తే మన పాఠకులు అక్కడే పుస్తకం మూస్తారు. మూఢంలో నిశ్చితార్థం చేసుకోవచ్చా అన్న దాంట్లో ఇంటికో పద్ధతి ఉంది, అది మీకు హాస్యానికే పనికొస్తుంది. ఇంకొకటి. కథని 2024 సెప్టెంబరు విజయవాడలో పెడితే బుడమేరు వరద రాయకుండా కుదరదు. సింగ్‌నగర్ నీళ్ళలో ఉన్న వారంలో మీ హీరో ఉంగరం కొలతలు చూసుకుంటూ తిరిగితే చదివేవాళ్ళకి బాధ కలుగుతుంది. వరద రాయండి, లేదా ఏడాది మార్చండి.

అమ్మాయిది క్రైస్తవ కుటుంబం అనుకుంటే (గుంటూరులో అది చాలా సహజం) మూఢం పనికిరాదు. అక్కడ నిశ్చితార్థాన్ని ప్రధానం అంటారు, చాలా సంఘాల్లో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు గుడిలో ప్రకటన చదువుతారు. "ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలియజేయండి" అని పాస్టరుగారు అడిగిన ప్రతిసారీ వాళ్ళిద్దరి గుండె జారుతుంది. మూడు ఆదివారాలంటే మూడు సన్నివేశాలు, ఒకదాన్ని మించి ఒకటి.

ఇక నిశ్చితార్థం సన్నివేశం. రాతప్రతుల్లో నాకు ఎక్కువగా కనిపించే తప్పు ఇక్కడే. ఉంగరాలు మార్చుకున్నారు, చప్పట్లు కొట్టారు, ఫోటోలు దిగారు, రెండు పేజీల్లో ముగించేస్తారు. అది సినిమా నిశ్చితార్థం. మన ఇళ్ళలో ఉంగరాలు చిట్టచివరి ముచ్చట. అంతకుముందు పళ్ళేలు వస్తాయి, అయిదో ఏడో తొమ్మిదో, బేసి లెక్కన. ఆకులు, వక్కలు, అరటిపళ్ళు, కొబ్బరికాయ, పసుపు కుంకుమ, పూలు, చీర, స్వీట్లు. పురోహితుడు వినాయకుడి పూజ చేయించి, రెండువైపులా గోత్రాలు, తాతల పేర్లు అడిగి లగ్నపత్రిక రాస్తాడు, చదువుతాడు. పెద్దవాళ్ళు తాంబూలాలు మార్చుకుంటారు. మగపెళ్ళివారు చీర పెడతారు, అమ్మాయి లోపలికి వెళ్ళి అది కట్టుకుని వస్తుంది. ఆ తరవాతే ఉంగరాలు. కులాన్ని బట్టి, ఇంటిని బట్టి వరస మారుతుంది. మీ పాత్రల ఇంటి పద్ధతి ఏదో అదే రాయండి, అన్నీ కలిపి కిచిడీ చెయ్యొద్దు.

ఈ వరసలో ప్రతి మెట్టూ అబద్ధాన్ని ఒక అంగుళం లోతుకి దించుతుంది. పురోహితుడు ముత్తాత పేరు అడిగినప్పుడు చనిపోయినవాళ్ళు కూడా ఈ నాటకంలోకి వచ్చేశారని అబ్బాయికి స్ఫురిస్తుంది. అమ్మాయికి ఆ క్షణం చీర దగ్గర రావాలి. ఎలాగంటే:

*గదిలోకి వెళ్ళి చీర మడత విప్పింది. గంధం రంగు, ఆకుపచ్చ అంచు. కుచ్చిళ్ళు పెడుతుంటే ఫాల్ చేతికి తగిలింది. షాపులో కుట్టించింది కాదు, చేత్తో కుట్టింది. చిన్న చిన్న కుట్లు, దగ్గర దగ్గరగా. ఆకుపచ్చ దారం ఒకచోట అయిపోయింది, అక్కడి నుంచి మూరెడు మేర నల్లదారం. షాపులు మూసేసిన వేళ కుట్టి ఉంటుంది అతని తల్లి. బయట నుంచి అమ్మ పిలుస్తోంది, "అయిందా?" అయింది అనడానికి నోరు రాలేదు.*

ఇందులో ఎవరూ ఏడవలేదు, ఎవరూ "ఎంత పెద్ద తప్పు చేస్తున్నాం" అనుకోలేదు. ఆ మూరెడు నల్లదారం చాలు. దాన్ని ఇక్కడ చూపించి వదిలేయండి. చివర్లో మళ్ళీ పనికొస్తుంది.

హాస్యం కూడా ఇలాంటి వస్తువుల్లోంచే పుడుతుంది. జాకెట్టు కుట్టించాలని అబ్బాయి తల్లి ఆది జాకెట్టు అడుగుతుంది. అమ్మాయి దాన్ని ఒక కవర్లో పెట్టి ఇస్తుంది. గుంటూరు నుంచి విజయవాడ వచ్చే రైల్లో అది అతని లంచ్ బ్యాగులో ఉంది. నంబూరు దగ్గర ఆఫీసు స్నేహితుడు ఎక్కి, "ఏం తెచ్చావ్ రా ఇవాళ" అని బ్యాగు లాక్కుంటాడు. మంగళగిరి వచ్చేలోపు ఆ బ్యాగు నలుగురి చేతులు మారుతుంది. కృష్ణా కెనాల్ దగ్గర రైలు సిగ్నల్ కోసం ఆగిపోతుంది. ఆ ఆగిన పావుగంటే మీ సన్నివేశం. ఇందులో ఎవరినీ వెకిలిగా చూపించనక్కర్లేదు. అతను ఆమె మర్యాద కాపాడటానికి పడే పాట్లు చూసి పాఠకుడు నవ్వుతాడు, ఆ నవ్వులోనే అతని మీద ఇష్టం కలుగుతుంది.

మీ రాతలో పెద్దవాళ్ళంతా వెర్రివాళ్ళలా ఉన్నారని మీ వివరణ చదివితే అనిపించింది. అది మార్చండి. మన పిన్నులు, అత్తయ్యలు, బాబాయిలు ఎంత తెలివైనవాళ్ళో మనకి తెలుసు. వాళ్ళు తెలివిగా ఉంటేనే అబద్ధం దాచడం కష్టం, కష్టమైతేనే నవ్వు. "ఎక్కడ కలిశారు?" అన్న ప్రశ్నకి ఇద్దరూ చెరో జవాబు చెప్పి దొరికిపోవడం అందరూ రాస్తారు. తిప్పి చూడండి:

*"ఎక్కడ కలిశారమ్మా మీరిద్దరూ?" అంది పిన్ని, చిక్కుడుకాయ ఈనె తీస్తూ.*

*"పుస్తకాల ఎగ్జిబిషన్‌లో పిన్నీ. ఆదివారం. సాయంత్రం అయిదున్నరకి."*

*కాసేపటికి మంచినీళ్ళకి వంటింట్లోకి వచ్చిన అబ్బాయిని అడిగింది.*

*"పుస్తకాల ఎగ్జిబిషన్‌లో అండీ. ఆదివారం. సాయంత్రం అయిదున్నరకి."*

*పిన్ని చేతిలో చిక్కుడుకాయ ఆగింది. "మీ బాబాయి నన్ను మొదట గుడి మెట్ల మీద చూశానంటారు. నేను ప్రసాదాల దగ్గరంటాను. 30 ఏళ్ళయినా మాకింకా తేలలేదు. మీ ఇద్దరికీ మాత్రం టైముతో సహా కలిసిందే!"*

నిజంగా ఇష్టపడ్డవాళ్ళ కథ ఇద్దరి నోటా ఒకేలా రాదు. పిన్నికి ఆ సంగతి అనుభవంతో తెలుసు. ఆవిడ అప్పుడే బయటపెట్టదు, మనసులో పెట్టుకుంటుంది. దాంతో మీకు మరో అయిదు అధ్యాయాలకి సరిపడా బిగువు వచ్చింది.

దీనికోసం ఎవరికి ఎప్పుడు తెలుస్తుంది అన్న పట్టిక ఒకటి వేసుకోండి. మొదట్లో ముగ్గురికే తెలియాలి: వాళ్ళిద్దరికి, ఇంకొకరికి. ఆ మూడో మనిషి లేకపోతే మీ పాత్రలు మనసులో మాట ఎవరితోనూ చెప్పుకోలేక పేజీల కొద్దీ తమలో తామే ఆలోచించుకుంటూ కూర్చుంటాయి. తరవాత అయిదారు అధ్యాయాలకి ఒకరి చొప్పున తెలియనివ్వండి. తెలిసిన ప్రతి మనిషీ ఒక పని అడగాలి లేదా ఒక షరతు పెట్టాలి, ఊరికే తెలిసి ఊరుకుంటే ఆ పాత్ర దండగ. అందరికంటే ఆఖర్న తెలియాల్సింది ఎక్కువ ప్రేమ పెట్టుకున్న మనిషికి. మీ కథలో అది అబ్బాయి తల్లి అనుకుంటున్నాను.

పిలుపుల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. తెలుగులో ప్రేమకథ రాసేవాళ్ళకి ఇది పెద్ద వరం. వాళ్ళిద్దరూ ముందు నుంచి స్నేహితులైతే "నువ్వు" అనుకుంటారు. నిశ్చితార్థం అయ్యాక పెద్దల ముందు ఆమె "మీరు" అనాలి. మొదట్లో అది నటన, నోరు జారి "ఒరేయ్" అంటుంది, అక్కడ నవ్వు. నడిమధ్యలో ఎక్కడో, ఎవరూ లేనిచోట, ఆమె నోటి నుంచి దానంతటదే "మీరు తిన్నారా?" అని వస్తుంది. ఇద్దరూ ఆగిపోతారు. ఆ మార్పు ఒక్కసారే రావాలి, దాని మీద వ్యాఖ్యానం రాయకూడదు. ఒకరికొకరు పరిచయం లేనివాళ్ళైతే దీన్ని తలకిందులు చెయ్యండి, "మీరు" నుంచి "నువ్వు"కి. అలాగే అబ్బాయి తల్లిని ఆమె ముందు "ఆంటీ" అంటుంది, తాంబూలాల రోజు నుంచి "అత్తయ్యగారూ" అనాలి. ఏ రోజున "గారు" రాలిపోయి "అత్తయ్యా" అయిందో మీకు తేదీతో సహా తెలిసి ఉండాలి. అబద్ధం బయటపడ్డాక మళ్ళీ "ఆంటీ" అనాల్సి వచ్చినప్పుడు ఆ ఒక్క మాటకే పాఠకుడి కళ్ళు చెమరుస్తాయి.

గుంటూరు, విజయవాడ మాటల మధ్య తేడా కొద్దిది. సాగదీసి చూపించొద్దు. గోదావరి జిల్లాల "ఆయ్" తెచ్చి ఇక్కడి నోళ్ళలో పెట్టొద్దు. పెద్దవాళ్ళ చేత "బెజవాడ" అనిపించండి, కుర్రాళ్ళు "విజయవాడ" అంటారు. అంతే చాలు.

చోట్ల విషయానికొస్తే, రెండు ఊళ్ళ మధ్య సుమారు 35 కిలోమీటర్లు. ఇది మీ అదృష్టం. రోజూ కలిసేంత దగ్గరా కాదు, కలవడానికి సాకు దొరకనంత దూరమూ కాదు. ఇద్దరూ ఒంటరిగా మాట్లాడుకునే చోటు దొరకడమే మన ఊళ్ళలో సమస్య, ఎక్కడికెళ్ళినా ఎవరో ఒక చుట్టం తగులుతారు. ప్రకాశం బ్యారేజీ మీద నడక పెట్టుకోవచ్చు. 1957 నాటి కట్టడం, 70 గేట్లు, కిలోమీటరుకి పైగా పొడవు. గాలికి మాట వినపడదు, పక్కనే బళ్ళు పోతుంటాయి. చెప్పాల్సిన ముఖ్యమైన మాట అరిచి చెప్పాల్సి వస్తుంది. రెండు కుటుంబాలూ కలిసే సన్నివేశానికి మంగళగిరి సరిగ్గా దారిలో ఉంది. కొండమీద పానకాల స్వామికి పూజారి శంఖంతో పానకం పోస్తుంటే గుటకల శబ్దం వినిపిస్తుంది, అది ఆగగానే పోయడం ఆపి మిగిలింది ప్రసాదంగా ఇస్తారు. అబ్బాయి తల్లి అక్కడ సంబంధం కుదిరినందుకు మొక్కు తీర్చుకుంటోంది. ఆ శబ్దం ఆగిన నిశ్శబ్దంలో వీళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేరు. బెంజి సర్కిల్, బీసెంట్ రోడ్డు, శంకర్ విలాస్ సెంటరు ఊరికే పేర్లు చల్లడానికి వాడొద్దు. ఆ చోటు లేకపోతే ఆ సన్నివేశం జరగదు అనిపిస్తేనే పేరు రాయండి.

ఇప్పుడు ఖర్చుల ఖాతా. ఒక నోటు పుస్తకం తీసి, ఈ అబద్ధం వల్ల ఎవరెవరికి ఏం పోయిందో వరసగా రాయండి. హాలు అడ్వాన్సు ఎంత. బాబాయి డ్యూటీకి ఎన్ని రోజులు సెలవు పెట్టాడు. మేనత్త కొత్త చీర కోసం చీటీ పాడిందా. అబ్బాయి మేనమామ అలిగి రాకపోకలు మానేశాడు. అబ్బాయి తల్లి మూరెడు నల్లదారం. నవల పూర్తయ్యేలోపు ఈ పుస్తకంలోని ప్రతి పద్దూ ఏదో ఒక రకంగా చెల్లాలి, డబ్బుతోనో క్షమాపణతోనో పనితోనో. చాలా రాతప్రతుల్లో ప్రేమ కుదరగానే ఈ అప్పులన్నీ మాఫీ అయిపోతాయి. చదివినవాళ్ళకి ఏదో వెలితి అనిపిస్తుంది, ఎందుకో చెప్పలేరు.

కట్నం మాట మాత్రం ఈ కథలోకి రానివ్వొద్దు. 1961 చట్టం ప్రకారం ఇవ్వడమూ తీసుకోవడమూ నేరమే. ఆ సంగతి పక్కన పెట్టినా, ఉత్తుత్తి సంబంధానికి ఆడపిల్ల తండ్రి దగ్గర ఒక్క రూపాయి పుచ్చుకుంటే మీ హీరో మోసగాడవుతాడు, ఆ తరవాత ఎంత నవ్వించినా లాభం లేదు. తాంబూలాల ముందు "మాకేమీ వద్దు" అని అతని చేత గట్టిగా అనిపించి, దాని వల్ల "ఏమీ వద్దంటున్నాడంటే ఏదో లోపం ఉంది" అని ఆడపెళ్ళివారికి అనుమానం పుట్టించండి. అందులో నవ్వూ ఉంది, నిజమూ ఉంది. అలాగే నాటకమని ఇద్దరికీ తెలిసి ఉండాలి. ఒక్కరికే తెలిస్తే అది ప్రేమకథ అవదు.

నిజం ఎలా బయటపడాలి? ఫోన్ రికార్డింగు, దొంగచాటుగా విన్న మరదలు, పీటల మీద గొడవ, ఇవేవీ వద్దు. వేరేవాళ్ళు బయటపెడితే మీ హీరో హీరోయిన్లు పట్టుబడ్డ దొంగలవుతారు. వాళ్ళలో ఒకరు తనంతట తను చెప్పాలి. అదీ ఇంకో రోజు దాచగల అవకాశం ఉన్నప్పుడు చెప్పాలి. మూఢం పోయి శుభలేఖలు అచ్చుకి వెళ్ళేముందు అమ్మాయి ఒక్కతే బస్సెక్కి సత్యనారాయణపురం వెళ్ళి అబ్బాయి తల్లికి చెబుతుందనుకోండి. అబ్బాయికి కూడా చెప్పకుండా వెళ్ళింది. అప్పుడు వాళ్ళిద్దరి మధ్యా చీలిక వస్తుంది, దానికీ కారణం ఉంటుంది.

సంబంధం తప్పితే పెట్టినవి తిరిగి పంపడం మన పద్ధతి. ఆ సన్నివేశం తప్పకుండా రాయండి, పొడుగ్గా రాయండి. ఉంగరం, చీర, వెండి కుంకుమభరిణె ఒక్కొక్కటీ పళ్ళెంలో పెడుతుంటే అబ్బాయి తల్లి లెక్క చూసుకుని తీసుకుంటుంది. చీర దగ్గర ఆగి, అంచు తిరగేసి, నల్లదారం ఉన్నచోట వేలు పెట్టి, "ఇది విప్పి మళ్ళీ కుడదామనుకున్నాను" అంటుంది. క్షమించానని ఆవిడ అనకూడదు. చీర తీసుకుందో లేదో మీరు తేల్చుకోండి, నేనైతే ఆమె చేతికే తిరిగి ఇప్పిస్తాను.

అసలు పెళ్ళి మాట ఆ తరవాత రావాలి. నాటకానికి 150 మంది వచ్చారు కదా, నిజానికి ఆరుగురు చాలు. హాలు లేదు, పురోహితుడు లేడు, బ్రాడీపేట ఇంటి ముందుగదిలో ప్లాస్టిక్ కుర్చీలు. ఈసారి "ఎక్కడ కలిశారు" అని పిన్ని మళ్ళీ అడగాలి, ఇద్దరూ చెరో మాట చెప్పాలి.

కొలతల సంగతి. ఇలాంటి నవలకి 45 వేల మాటలు సరిపోతాయి. డెమ్మీ సైజు పుస్తకంలో పేజీకి 220 నుంచి 240 మాటలు పడతాయనుకుంటే 200 పేజీల దగ్గరికి వస్తుంది. ఒక్కోటి 1,500 మాటల చొప్పున 30 అధ్యాయాలు. మూడో అధ్యాయానికల్లా ఇద్దరూ ఒప్పందానికి రావాలి, ఆరేడు అధ్యాయాల్లో తాంబూలాలు అయిపోవాలి, 15 దగ్గర చెల్లెలి పెళ్ళి, 23 దగ్గర నిజం చెప్పడం, 25లో పెట్టినవి తిరిగివ్వడం. మీరు 60 పేజీలు రాసినా ఇంకా తాంబూలాలు కాలేదన్నారు, అంటే 15 పేజీలైనా తియ్యాలి. ఆఫీసు పరిచయాలు, హీరో ఫ్లాష్‌బ్యాక్ అక్కడి నుంచి తీసేయండి. వారపత్రికకి సీరియల్‌గా పంపే ఆలోచన ఉంటే ప్రతి అధ్యాయం చివరి వాక్యం ఒక ప్రశ్న మీద ఆగేలా చూసుకోవాలి. పుస్తకంగానే వేస్తే ప్రతిసారీ అలా అక్కర్లేదు, విసుగొస్తుంది.

పని ఇలా మొదలుపెట్టండి. ముందు అబ్బాయి తల్లి తరఫున నాలుగు పేజీలు రాయండి, చీర కొనడానికి విజయవాడ వన్‌టౌన్‌లోని వస్త్రలత బట్టల మార్కెట్‌కి వెళ్ళిన రోజు. ఇవి నవల్లో ఉండవు, మీకోసమే. ఆవిడ మీకు అర్థమైతే అబద్ధం బరువు తెలుస్తుంది. తరవాత చెల్లెల్ని, మరదల్ని కథలోకి తెచ్చి మొదటి మూడు అధ్యాయాలు తిరగరాయండి. తరవాత పట్టిక, ఖాతా పుస్తకం. ఇవన్నీ అయ్యేదాకా 61వ పేజీ ముట్టుకోవద్దు.

పేరు అడిగారు. "ఉత్తుత్తి" అన్న మాట పేరులో పెట్టకండి, అది మొదటి సగానికే సరిపోతుంది. "మూఢం పోయాక" అని పెట్టి చూడండి. బావుండకపోతే ఆ చీర రంగు పేరు పెట్టండి.